వంజంగి కొండ: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో వెళ్లొచ్చా?

భీమవరం అల్లుడు:
నవంబరు చివర్లో వైజాగ్‌లో మా బావమరిది పెళ్లి. ఎలాగూ అంతదూరం వస్తున్నాం కదా, పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి మేఘాలు చూసొద్దామని మావాడి గోల. వాడికి ఎనిమిదేళ్లు. అమ్మకి 64, మోకాళ్ల నొప్పులు. కొండపైదాకా కారు పోతుందని ఒకరు, పోదని ఒకరు. వైజాగ్‌లో రాత్రి రెండింటికి బయల్దేరితే సూర్యోదయం అందుతుందా?

పాడేరు పిల్లోడు:
కారు పోదండి. కింద ఆపేసి చీకట్లో రాళ్లదారిన ఎక్కాలి. పోయినేడు మా అమ్మని తీసుకెళ్లా. నాకు ముప్పావుగంట పట్టే దారి, ఆవిడతో గంటన్నర. సగంలో ఒక బండమీద కూలబడి "నువ్వెళ్లి చూసిరారా, సూర్యుడికి నేనిక్కణ్ణుంచే దండం పెట్టుకుంటా" అంది. దిగడం ఇంకా కష్టం. మంచుకి మట్టి తడిసి ఒకటే జారుడు. చెప్పులేసుకెళ్లిన పాపానికి రెండుసార్లు చతికిలపడ్డా. బూట్లేసుకోండి, తలకో టార్చి కట్టుకోండి. ఫోన్ లైటు పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే.

అర్ధరాత్రి ప్రయాణం మాత్రం వద్దు. వంద కిలోమీటర్ల పైమాటే, మాడుగుల దాటాక ఘాట్ రోడ్డు. పొగమంచు కమ్మిందంటే ముందు మలుపు కనపడదు. ముందురోజే పగటిపూట పాడేరు వచ్చి పడుకోండి. దారిలో మాడుగుల హల్వా కొనకుండా వస్తే మీ ఇష్టం.

ఇక మేఘాలంటారా, అదంతా లోయలో పట్టిన పొగమంచే. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి లేకపోతే, చల్లగాలి కిందికి దిగి లోయలో పేరుకుంటుంది. పైనుంచి చూస్తే పాలు పొంగినట్టే. ఎండెక్కితే విడిపోతుంది. అదే అల్పపీడనం పట్టిందనుకోండి, ఆ మబ్బులో మీరే ఉంటారు, పక్కనున్న పిల్లాడు కూడా కనపడడు. ఆ నెలలో బంగాళాఖాతంలో వాయుగుండాలు మామూలే. వాతావరణం చూసుకుని రండి.

సీతమ్మధార పిన్ని:
బాబూ, అమ్మగారిని అంత కష్టపెట్టడం ఎందుకు? పొద్దున్నే అరకు రైలెక్కించండి. అద్దాల బోగీలో కూర్చుంటే సొరంగాలూ లోయలూ అన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. బొర్రా గుహల్లో మాత్రం దించకండి, లోపలంతా మెట్లే.

భీమవరం అల్లుడు:
ఇవన్నీ అమ్మకి చదివి వినిపించా. రైలు తిరుగు ప్రయాణానికి ముందురోజు పెట్టుకుందాం అంది. వంజంగికి మేమెళ్లినప్పుడు తను పాడేరులోనే ఉండి మోదకొండమ్మ గుడికెళ్తుందట. గది ముందే చెప్పుకోవాలా?

పాడేరు పిల్లోడు:
శని, ఆదివారాలైతే తప్పదు. అసలా రెండ్రోజులూ రావద్దనే అంటా. సూర్యుడికంటే ముందు సెల్ఫీ కర్రలే కనపడతాయి. మంగళవారమో బుధవారమో చూసుకోండి. పిల్లాడికి చెవులు మూసే టోపీ మర్చిపోకండి.