అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్ తరువాత అతుకు వద్ద లీకు: స్టెంటా, స్పాంజా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా):

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై దాటాయి. అన్నవాహిక కింది భాగంలో క్యాన్సర్ ఉందని తేలిన తరువాత ముందుగా కీమోథెరపీ, రేడియేషన్ ఇచ్చి, ఆపై విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. వ్యాధి ఉన్న భాగాన్ని తీసివేసి, జీర్ణాశయాన్ని గొట్టంలా మలిచి ఛాతీలోకి లాగి, మిగిలిన అన్నవాహికకు అతికించామని సర్జన్ గారు చెప్పారు. మొదట కొన్ని రోజులు సవ్యంగానే గడిచాయి. తరువాత జ్వరం వచ్చింది, గుండె వేగం పెరిగింది, పక్కటెముకల మధ్య పెట్టిన డ్రెయిన్ గొట్టంలో మురికి రంగు ద్రవం కనిపించింది. సీటీ స్కాన్, ఎండోస్కోపీ చేసి, అతుకు దగ్గర సుమారు ఒక సెంటీమీటరు రంధ్రమూ దాని వెనుక చీము నిండిన గుంతా ఉన్నాయని చెప్పారు.

ఇప్పుడు రెండు మార్గాలు మా ముందు పెట్టారు. లోపల స్టెంటు వేయడం ఒకటి. ముక్కు ద్వారా గొట్టం వేసి, దాని చివర స్పాంజి అమర్చి, వాక్యూమ్ యంత్రంతో పీల్చడం రెండవది. స్పాంజిని నాలుగైదు రోజులకు ఒకసారి మార్చాలని, ప్రతిసారీ మత్తు ఇవ్వాలని అంటున్నారు. ఒక్కసారి స్టెంటు వేస్తే సరిపోయేదానికి మనిషిని అన్నిసార్లు ఎందుకు బాధపెట్టడం అని అమ్మ అడుగుతోంది. బరంపురంలో ఉన్న మా బావగారైతే మళ్ళీ ఛాతీ తెరిచి కుట్టు వేయించడమే మంచిదంటున్నారు. వైద్యుల మాట కాదనే ఉద్దేశం మాకు లేదు గాని, సంతకం పెట్టేముందు విషయం అర్థం చేసుకోవాలని ఉంది. ఖర్చు సంగతి, ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య కార్డు విశాఖపట్నంలో చెల్లుతుందా అన్న సంగతి కూడా తెలిసినవారు చెప్పగలరు.

ఎండోస్కోపీ గది (విశాఖపట్నం):

మహేంద్రతనయ గారూ, నేను జీర్ణకోశ వైద్యుడిని. నాన్నగారి స్కానులు చూడకుండా ఫలానాదే చేయించండి అని చెప్పడం తగదు. మీ వైద్యులు ఏ ఆలోచనతో రెండు మార్గాలు మీ ముందు పెట్టి ఉంటారో మాత్రం వివరించగలను.

జీర్ణాశయాన్ని గొట్టంలా మలిచి పైకి లాగాలంటే దానికి రక్తం తెచ్చే నాళాల్లో చాలావాటిని కత్తిరించక తప్పదు. ఆ తరువాత గొట్టమంతా ప్రధానంగా ఒకే ధమనిపై, అంటే పెద్ద వంపు అంచు వెంట కుడివైపు నుంచి వచ్చే ధమనిపై, ఆధారపడి బతుకుతుంది. అతుకు పడేది ఆ ధమనికి దూరంగా, రక్తం అతి తక్కువగా అందే పై కొన దగ్గర. అందుకే చేయి తిరిగిన సర్జన్ల దగ్గర కూడా కొందరికి లీకు వస్తుంది. మధుమేహం, పొగతాగే అలవాటు, ఆపరేషన్ నాటికే మనిషి చిక్కిపోయి ఉండడం ఆ ప్రమాదాన్ని పెంచుతాయి. అతుకు మెడలో ఉంటే కారిన లాలాజలం మెడ గాయం గుండా బయటికి వచ్చేస్తుంది, చాలామందికి డ్రెస్సింగులతోనే మానుతుంది. ఛాతీలో ఉంటే అదే లాలాజలం, కింది నుంచి ఎగదన్నే పిత్తం గుండె వెనుక చోటులో చేరి చీము పట్టిస్తాయి. ప్రాణం మీదికి తెచ్చేది ఆ చీము. కాబట్టి రంధ్రం ఎంత పెద్దది అని అడిగేముందు, చీము బయటికి పోయే దారి ఉందా అని అడగాలి.

స్టెంటు అంటే పైన పొర కప్పిన లోహపు జల్లెడ గొట్టం. దాన్ని రంధ్రానికి అడ్డంగా విచ్చుకునేలా పెడితే మింగినది పక్కకు కారకుండా కిందికి పోతుంది. సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఉంచి తీసివేస్తారు. రోగి త్వరగా నోటితో తాగగలడు, ఇంటికి కూడా వెళ్ళగలడు. ఇవి చిన్న లాభాలు కావు. చిక్కంతా కింది కొసలో ఉంది. అన్నవాహిక ఇరుకు, దాని కింద అతికించిన జీర్ణాశయం వెడల్పు. పైభాగంలో స్టెంటు గోడకు అతుక్కుని కూర్చున్నా, కింది భాగంలో పట్టు దొరకక జారిపోవచ్చు, లేదా కింది నుంచి ద్రవం ఎగదన్ని మళ్ళీ రంధ్రం దాకా చేరవచ్చు. జారకుండా క్లిప్పులతోనో కుట్టుతోనో బిగిస్తారు గాని, ఆ ఇబ్బంది పూర్తిగా పోదు. అన్నిటికన్నా ముఖ్యంగా, స్టెంటు గుంతలోని చీమును తీయదు. బయటి నుంచి డ్రెయిన్ సరిగా పనిచేయకుండా స్టెంటు ఒక్కటే వేస్తే, లోపల చీము ఉన్న కురుపుకు పైన కట్టు కట్టినట్లే.

స్పాంజి పద్ధతిలో వరుస తిరగబడుతుంది, ముందు చీము సంగతి చూస్తారు. పుండ్లపై వాడే వాక్యూమ్ పద్ధతిని 2000ల దశకంలో జర్మనీ వైద్యులు అన్నవాహిక లోపలికి తెచ్చారు. సన్నని రంధ్రాలున్న పాలియురేథేన్ స్పాంజిని గొట్టం కొనకు కట్టి, ఎండోస్కోపుతో గుంతలోనే కూర్చోబెట్టి, ముక్కు ద్వారా బయటికి తెచ్చిన గొట్టాన్ని యంత్రానికి తగిలిస్తారు. సాధారణంగా సుమారు 125 మిల్లీమీటర్ల పాదరసపు పీడనంతో నిరంతరం పీలుస్తూ ఉంటుంది. చీము బయటికి పోతుంది, గుంత గోడలు దగ్గరికి లాగబడతాయి, రక్తప్రసరణ మెరుగుపడి ఎర్రని కొత్త కణజాలం పుడుతుంది. ఆ కొత్త కణజాలం స్పాంజి రంధ్రాల్లోకి చొచ్చుకుపోతుంది కాబట్టే 3 నుంచి 5 రోజులకు ఒకసారి మార్చాలి. అశ్రద్ధ చేస్తే తీసేటప్పుడు అతుక్కుని రక్తం కారుతుంది. మార్చిన ప్రతిసారీ గుంతను కళ్ళారా చూసి, అది చిన్నదైన కొద్దీ స్పాంజిని చిన్నదిగా కత్తిరించి పెడతారు. అమ్మగారికి చెప్పండి: ఆ పదే పదే చూడడంలోనే ఈ పద్ధతి బలం కూడా ఉంది. లోపల మానుతోందా, చెడుతోందా అన్నది వారంలో రెండుసార్లు తెలుస్తుంది. స్టెంటు వేసిన తరువాత ఆ చోటు కంటికి కనిపించదు.

దీనికీ ప్రమాదాలున్నాయి. గుంత బృహద్ధమనికో, పెద్ద శ్వాసనాళానికో ఆనుకుని ఉంటే పీల్చే యంత్రం తీవ్రమైన రక్తస్రావానికి దారితీయవచ్చు. అందుచేత స్పాంజి పెట్టేముందు స్కాన్‌లో ఆ దూరం చూశారా, రక్తం పలుచబడే మందులు ఏమైనా నడుస్తున్నాయా అని మీరు అడగడంలో తప్పేమీ లేదు.

మీరు రాసినంతవరకు గుంత ఉంది, అందులో చీము ఉంది, జ్వరం ఉంది. ఇలాంటి చోట నేనైతే స్పాంజి వైపే మొగ్గుతాను. గుంత లేకుండా, చిన్న రంధ్రమే ఉండి, దాని అంచులు ఆరోగ్యంగా ఉంటే పెద్ద క్లిప్పుతో మూసేయడం కుదురుతుంది. రేడియేషన్ తగిలి, వాచి ఉన్న కణజాలంలో ఆ క్లిప్పు సరిగా పట్టదు.

కత్తిగాటు (బరంపురం):

నేను సర్జన్‌ని. పై వివరణతో చాలావరకు ఏకీభవిస్తాను. మీ బావగారి సందేహానికి మాత్రం నేను జవాబివ్వాలి. చీము పట్టిన చోట కణజాలం తడి కాగితంలా చిరిగిపోతుంది, అక్కడ వేసిన కొత్త కుట్టు నిలవదు. మళ్ళీ ఛాతీ తెరవవలసిన సందర్భాలు వేరు: పైకి లాగిన జీర్ణాశయపు గొట్టం రక్తం అందక నల్లబడి చచ్చుబడితే, అతుకు చాలా మేరకు విడిపోతే, లేదా ఎన్ని డ్రెయిన్లు పెట్టినా సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్ళంతా దెబ్బతినే ప్రమాదస్థితి) అదుపులోకి రాకపోతే. ఎండోస్కోపీలో జీర్ణాశయపు పొర గులాబీ రంగులో ఉందా అని అడగండి. ఉందంటే ఆపరేషన్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. అంతర్జాతీయ నిపుణుల బృందం 2015లో ప్రకటించిన వర్గీకరణలో కూడా లీకును ఆహారం, మందులతో సరిపోయేది, ఆపరేషన్ కాని ప్రక్రియ కావలసినది, ఆపరేషన్ తప్పనిది అని మూడు తరగతులుగా విడదీశారు. నాన్నగారిది ఇప్పటికి రెండవ తరగతి.

ఒక్క విషయంలో డాక్టరు గారితో కొంచెం విభేదిస్తాను. డ్రెయిన్ బాగా పనిచేస్తూ, రోగి నిలకడగా ఉంటే స్టెంటును తక్కువ చేయనక్కరలేదు. వారానికి రెండుసార్లు మత్తు ఇచ్చి స్పాంజి మార్చే ఏర్పాటూ, రాత్రివేళ గొట్టం మూసుకుపోతే చూసే మనిషీ లేని ఆసుపత్రిలో స్పాంజి మొదలుపెట్టడం కన్నా, చక్కగా పెట్టిన స్టెంటు మేలు.

నాగావళి (రాయగడ):

మా అమ్మకు ఇదే సమస్య వచ్చినప్పుడు స్పాంజి పెట్టారు, ఆమె కోలుకుంది. వైద్యం సంగతి పెద్దలు చెప్పారు కాబట్టి పక్కన ఉండేవారికి పనికొచ్చేవి రాస్తాను. ముక్కు గొట్టాన్ని చెంపపై అంటించిన చోట గుర్తు గీత ఉంటుంది, అది జరిగిందేమో రోజూ చూసుకోండి. యంత్రం శబ్దం మారినా, డబ్బాలో ఎర్రని రక్తం కనిపించినా వెంటనే నర్సుకు చెప్పాలి. నోటికి ఏమీ ఇవ్వరు కాబట్టి చిన్న పేగులోకి వేసిన ఆహార గొట్టమే ఆధారం. అది చాలా సన్నది. ఇంట్లో కాచే చోడి అంబలి ఎంత పలుచగా కలిపినా అందులో అడ్డుపడే అవకాశం ఉంది. డైటీషియన్ చెప్పినదే పోయండి, ముందూ తరువాతా నీళ్ళతో గొట్టం కడగడం మరిచిపోకండి.

కార్డు విషయం: ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన అనే కేంద్ర, రాష్ట్ర ఆరోగ్య పథకాలు కలిసి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు, ఆడవారికి అదనంగా మరో 5 లక్షలు. రాష్ట్రం బయట కూడా జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో చెల్లుతుంది. అయితే స్పాంజి మార్పులు ఏ ప్యాకేజీ కింద వస్తాయో, ముందస్తు అనుమతి కావాలో ఆసుపత్రిలోని ఆయుష్మాన్ కౌంటరులో కాగితంపై రాయించుకోండి. నోటిమాటను నమ్ముకుంటే డిశ్చార్జి రోజున వాదులాట తప్పదు.

మహేంద్రతనయ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. జీర్ణాశయపు పొర గులాబీ రంగులోనే ఉందని, బృహద్ధమనికి దూరం ఉందని ఈ రోజు చెప్పారు. స్పాంజికే అంగీకరించాం. ఇంకొక్క సందేహం: ఇది మానిన తరువాత ఆయన మామూలుగా అన్నం తినగలరా?

ఎండోస్కోపీ గది:

తినగలరు, కాని కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు. జీర్ణాశయం ఇప్పుడు సంచిలా కాకుండా గొట్టంలా ఉంది కాబట్టి ఒకేసారి పళ్ళెం నిండా తినడం కుదరదు. తిన్న తరువాత కనీసం రెండు గంటలు పడుకోకూడదు, నిద్రపోయేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉండాలి. లీకు మానిన చోట మచ్చ బిగుసుకుని దారి ఇరుకవడం తరచుగా చూస్తాం. ముద్ద ఛాతీలో ఆగినట్లు అనిపిస్తే క్యాన్సర్ తిరగబెట్టిందని బెంబేలు పడకుండా, నీళ్ళు కూడా దిగని స్థితి వచ్చేదాకా ఆగకుండా వచ్చి చూపించండి. బెలూన్‌తో వెడల్పు చేస్తాం, కొందరికి అది కొన్ని విడతలు పడుతుంది. చుట్ట అలవాటు ఉన్నవారైతే, అడ్డపొగైనా (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగేది) మామూలు పొగైనా, ఇక ముట్టుకోకూడదు. నోటితో తగినంత తింటూ బరువు నిలబడేదాకా పేగు గొట్టం తీయించకండి.