పాత ఎంసీబీకి తాళం ఎలా వేస్తున్నారు?

మిల్లు_ఫిట్టర్: మాది రైస్ మిల్లు. వడ్లు పైకెత్తే ఎలివేటర్ బకెట్లు మార్చాలంటే ఎంసీబీ (కరెంటు తెంపే బ్రేకర్ స్విచ్) ఆఫ్ చేసి "మనుషులు పనిలో ఉన్నారు" అని బోర్డు తగిలిస్తాం. మొన్న నేను కింద గుంటలో ఉండగా ఎవరో బోర్డు పక్కకు జరిపి ఆన్ చేయబోయాడు. ఆపరేటర్ కేకేశాడు కాబట్టి బతికా. ఎంసీబీకి తాళం పెట్టే రంధ్రం లేదు. ఏం వాడాలి?

కరెంటోడు: మీటకి బిగించే క్లాంపులు దొరుకుతాయన్నా. స్క్రూ బిగించి తాళం వేయడమే. ఎంసీబీకీ, దానికన్నా పెద్ద బ్రేకర్ ఎంసీసీబీకీ సైజు వేరు, ఫోటో తీసుకుని షాపుకెళ్లు. వేశాక లాగి చూడు, లూజుగా ఉంటే ఊడొస్తుంది.

పాత_ఫోర్‌మన్: మా రోజుల్లో ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి జేబులో వేసుకునేవాళ్లం. స్టోర్‌లో స్పేర్ ఉందని ఎవడికైనా గుర్తొస్తే మాత్రం మన పని అంతే!

ఫార్మా_మెయింటెనెన్స్: ముగ్గురు పనిచేస్తే హాస్ప్ (ఒకేచోట చాలా తాళాలు వేసే కొక్కెం) కూడా కొనండి. ఆరు రంధ్రాలుంటాయి, ఎవరి తాళం వాళ్లది, చెవి వాళ్ల జేబులోనే. నా పాత కంపెనీలో మాస్టర్ కీ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ సొరుగులో ఉండేది. ప్రొడక్షన్ టెన్షన్ పెరిగితే తాళాలు వాటంతటవే ఊడిపోయేవి. అమెరికాలో 1989లో తెచ్చిన ఓషా (అక్కడి కార్మిక భద్రతా సంస్థ) 1910.147 రూలు ప్రకారం మామూలుగా వేసినవాడే తీయాలి.

లైన్‌మన్_అన్న: ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ మీద పనికి అనుమతి) తీసుకుని ఏబీ స్విచ్ (స్తంభం మీద లైన్ తెంపే స్విచ్) లాగి తాళం వేసినా నేను తలెత్తి చూస్తా. మూడు బ్లేడ్లలో ఒకటి అతుక్కుపోయి ఉండొచ్చు. ఆపైన టెస్టర్, రెండు వైపులా ఎర్తింగ్. ఎవరింట్లోనో జనరేటర్ వెనక్కి కరెంటు తోస్తే మన తాళం ఏం చేస్తుంది?

మిల్లు_ఫిట్టర్: స్టాప్ బటన్‌కే తాళం వేస్తే చాలదా? అది చవక.

కరెంటోడు: వద్దన్నా. బటన్ తెంపేది కంట్రోల్ సర్క్యూట్‌నే. కాంటాక్టర్ (మోటారుకి సప్లై కలిపే స్విచ్) అతుక్కుంటే మోటారుకి సప్లై అలాగే ఉంటుంది. అసలు మీ ఎలివేటర్‌కి కరెంటు ఒక్కటే కాదు ప్రమాదం. ఒకవైపు బకెట్ల నిండా వడ్లుంటే ఆ బరువుకి బెల్టు వెనక్కి తిరుగుతుంది. ముందు ఖాళీ చేయించి, బెల్టు కదలకుండా కట్టు. డ్రైవ్ (మోటారు స్పీడు మార్చే పెట్టె) ఉంటే అందులో కరెంటు నిల్వ ఉండే కెపాసిటర్లు డిస్‌ఛార్జ్ అయ్యేదాకా దాని మీద రాసిన నిమిషాలు ఆగు.

మిల్లు_ఫిట్టర్: రెండు క్లాంపులు, ఒక హాస్ప్, మూడు తాళాలు ఆర్డర్ పెట్టా. తాళం వేశాక ఒకసారి స్టార్ట్ నొక్కి చూశాకే దిగమని మా ఎలక్ట్రీషియన్ అన్నాడు. బకెట్లు ఖాళీ చేయాలంటే అరగంట పోతుందని ఓనరు గొణుగుతున్నాడు. రేపు ఆయన్నే గుంట దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తా.