డయాలసిస్ పేషెంట్ల వ్యాన్‌కి గ్రాంటు కావాలి, మా సొసైటీకి అర్హత ఉందా?

ఉద్దానం కుర్రాడు:

అందరికీ నమస్తే. మాది కవిటి మండలం, సముద్రం వైపు ఊరు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి కొబ్బరి తోటలు నేలమట్టమైనప్పుడు మా ఊరి కుర్రాళ్లం కొంతమందిమి కలిసి బియ్యం, టార్పాలిన్లు పంచాం. ఆ గుంపే 2022లో ఏడుగురు సభ్యులతో సొసైటీగా రిజిస్టర్ అయింది. ఏడాదిన్నరగా ఒక వ్యాన్ అద్దెకు తీసుకుని చుట్టుపక్కల ఊళ్లలోని 16 మంది కిడ్నీ పేషెంట్లని డయాలసిస్‌కి తీసుకెళ్లి తీసుకొస్తున్నాం. వారానికి రెండు మూడు సార్లు వెళ్లాలి, ఒక్కోసారి నాలుగు గంటలు మెషిన్ మీద ఉండాలి, దిగాక నిలబడే ఓపిక కూడా ఉండదు, అలాంటి మనిషిని షేర్ ఆటోలో కుక్కి పంపిస్తే ఏమవుతుందో మా ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. ఆటో ఖర్చు భరించలేక డయాలసిస్ మానేసి పోయినవాళ్లు ఉన్నారు, అందులో మా పెదనాన్న ఒకరు.

ఇప్పుడు నెలకి డీజిల్, డ్రైవర్ జీతం, అద్దె కలిపి 41 వేలు అవుతోంది. హైదరాబాద్, ముంబై వలస వెళ్లిన మా వాళ్లు 200, 500 చొప్పున పంపేది 26 వేలు దాటట్లేదు. మిగతాది మేం ఏడుగురం సర్దుతున్నాం, ఇంకెన్నాళ్లు సర్దగలమో తెలియట్లేదు.

మా బావ అమెరికాలో క్లీవ్‌లాండ్ దగ్గర ఉంటాడు. వాళ్ల ఊళ్లో కమ్యూనిటీ ఫౌండేషన్ ఉందట, స్వచ్ఛంద సంస్థలకి కోట్లలో గ్రాంట్లు ఇస్తుందట, మమ్మల్ని అప్లై చేయమంటున్నాడు. మాకు అర్హత ఉంటుందా? లేకపోతే ఇక్కడ ఏ రకం గ్రాంట్లకి వెళ్లొచ్చు? మా దగ్గర సొసైటీ రిజిస్ట్రేషన్, పాన్ కార్డు ఉన్నాయి. 12ఏ, 80జీ తీసుకోలేదు.

అరసవల్లి:

తమ్ముడూ, నేను శ్రీకాకుళంలో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను, ఇలాంటి సొసైటీల లెక్కలు చాలా చూశాను. చేస్తున్న పని గొప్పది, కానీ కాగితాలు వెనకబడి ఉన్నాయి, అమెరికా సంగతి తర్వాత, ముందు ఇది సరిచేసుకోవాలి.

12ఏ లేకుండా ఏ పెద్ద దాత దగ్గరికి వెళ్లినా గుమ్మంలోనే ఆగిపోతారు. మీ సొసైటీ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చేది 12ఏ, మీకిచ్చిన దాతకి పన్నులో మినహాయింపు ఇచ్చేది 80జీ. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి గానీ ఆఫీసుల్లో అందరూ పాత పేర్లతోనే పిలుస్తున్నారు, కంగారు పడకండి. కొత్తగా పెట్టిన సంస్థకి మూడేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. మీరు పని మొదలుపెట్టేశారు కాబట్టి నేరుగా రెగ్యులర్ రిజిస్ట్రేషన్‌కే పెట్టాలి, అంటే వాళ్లు మీ లెక్కలు, పని చూసి మరీ ఇస్తారు. బైలాలో, అంటే సొసైటీ నియమావళిలో, 'సొసైటీ రద్దయితే ఆస్తులు ఇదే తరహా సంస్థకి వెళ్తాయి, సభ్యులు పంచుకోరు' అనే క్లాజు ఉందో లేదో ఈరోజే చూడండి. లేకపోతే జనరల్ బాడీ పెట్టి సవరించి, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేశాకే అప్లికేషన్.

ఇంకో మాట. ఆ 200, 500 ఏ అకౌంట్‌లో పడుతున్నాయి? మీ కార్యదర్శి ఫోన్‌పేకి వస్తుంటే ఇవాళే ఆపించండి. సొసైటీ పేరు మీద అకౌంట్, ఇద్దరి సంతకాలు, వచ్చిన ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి. దాత నగదుగా 2,000 దాటి ఇస్తే ఆయనకి 80జీ రాదు, అందుకని బ్యాంకు ద్వారానే తీసుకోండి.

ఇవయ్యాక కంపెనీల సీఎస్‌ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద కంపెనీలు పెట్టే ఖర్చు. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మన జిల్లాలో పైడిభీమవరం ఫార్మా కంపెనీలు ఉండగా అంత దూరం చూడటం ఎందుకు? ఆ డబ్బు ఏ పనులకి వాడొచ్చో చెప్పే జాబితా ఆ చట్టం షెడ్యూల్ 7, వైద్యం అందులో ఉంది, కాబట్టి మీ పని సరిపోతుంది. కాకపోతే మీ సంస్థకి 12ఏ, 80జీ ఉండాలి, ఆ తరహా పనిలో మూడేళ్ల అనుభవం చూపించాలి, సీఎస్‌ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకోవాలి. రిజిస్టరై మూడేళ్లయితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చట్టం అడిగేది మూడేళ్ల పని. వ్యాన్‌కి ముందు మీరు ఆరోగ్యానికి సంబంధించి ఏమైనా చేశారా?

కాశీబుగ్గ:

ఇంత తిరగడం ఎందుకు అన్నా. విదేశీ నిధుల రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ ఏదైనా పట్టుకుని, అమెరికా డబ్బు వాళ్ల అకౌంట్‌లో వేయించి, వాళ్ల దగ్గర్నుంచి మీరు తీసుకుంటే పనైపోతుంది. మాకు తెలిసినవాళ్లు పూర్వం అలాగే చేసేవారు.

బాహుదా తీరం:

కాశీబుగ్గ గారూ, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. పూర్వం కుదిరేది నిజమే. విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదిలీ చేయడం పూర్తిగా నిషేధం, ఆ రెండో సంస్థకి రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. ఈ కుర్రాళ్లు తెలియక ఇరుక్కుంటారు.

తమ్ముడూ, మాది ఇచ్ఛాపురం, ప్రస్తుతం అమెరికాలో ఉంటున్నాను, మా ఊరి కమ్యూనిటీ ఫౌండేషన్‌లో దరఖాస్తులు చదివే కమిటీలో రెండేళ్లు వాలంటీరుగా కూర్చున్నాను. మీ బావ చెప్పింది అబద్ధం కాదు. అసలు ప్రపంచంలో మొదటి కమ్యూనిటీ ఫౌండేషన్ పుట్టిందే క్లీవ్‌లాండ్‌లో, 1914లో. ఒక్క ధనవంతుడి డబ్బుతో నడిచే ట్రస్టు కాదది. ఊళ్లో చాలామంది ఇచ్చిన నిధులని ఒకచోట కలిపి పెట్టుబడి పెట్టి, వచ్చేదాంతో ఆ ప్రాంతానికే గ్రాంట్లు ఇస్తారు. ఆ ప్రాంతానికే అన్నది ఇక్కడ ముఖ్యం. మేం దరఖాస్తు తెరవగానే చూసే మొదటి రెండు విషయాలు, ఆ సంస్థకి అమెరికా పన్ను చట్టం కింద చారిటీగా గుర్తించే 501సీ3 హోదా ఉందా, పని మా కౌంటీల్లో, అంటే అక్కడి జిల్లాల్లో, జరుగుతోందా. కవిటి నుంచి వచ్చిన దరఖాస్తు ఎంత బాగా రాసినా అక్కడే పక్కన పెట్టేయాల్సి వస్తుంది.

ఒక సందు ఉంది. ఆ ఫౌండేషన్లలో నిధులు రకరకాలు. కమిటీ తన ఇష్టం మేరకు ఇచ్చేది ఒకటి, చదువుకో ఆరోగ్యానికో అని రంగం చూసి పెట్టినది ఒకటి, ఫలానా సంస్థకే అని రాసి పెట్టినది ఒకటి, స్కాలర్‌షిప్పులవి వేరే. ఇవి కాక దాత తన పేరున ఖాతా తెరిచి ఎవరికివ్వాలో సలహా చెప్పే నిధి ఒకటి ఉంటుంది. అక్కడి తెలుగువాడు ఎవరైనా ఆ ఖాతా ద్వారా ఇండియాకి పంపమని సలహా చెప్పొచ్చు. అప్పుడు కూడా తీసుకునే సంస్థ అమెరికా చారిటీకి సమానమైనదని తేల్చుకోవాలి, లేదా ప్రతి డాలరు ఎలా ఖర్చయిందో ఫౌండేషనే బాధ్యత తీసుకుని చూడాలి. చాలా ఫౌండేషన్లు ఆ తలనొప్పి పెట్టుకోవు. ఒకవేళ వాళ్లు ఒప్పుకున్నా మీ వైపు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ కావాలి. దానికి సంస్థ పెట్టి మూడేళ్లు కావాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు పని మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. మీ నెలకి 41 వేలు అంటే ఏడాదికి 4,92,000, ఇదే లెక్కన మూడేళ్లు నడిపినా 14,76,000. ఇప్పుడున్న ఏడాదిన్నరతో దగ్గరలో కూడా లేరు.

బాధపడకండి, మీ బావ సాయం వేరేలా తీసుకోవచ్చు. ఆయనకి ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉంటే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చే డబ్బు విదేశీ విరాళం కిందకి రాదు. మీ మామూలు సొసైటీ అకౌంట్‌లోనే తీసుకోవచ్చు, పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే మాత్రం మన ఊరివాడైనా, రూపాయల్లో ఇచ్చినా విదేశీ విరాళమే. అక్కడి తెలుగు సంఘాలు పోగు చేసి పంపే డబ్బూ అంతే.

కోట జంక్షన్:

బాబూ, మాది విజయనగరం. ఇరవై ఏళ్లుగా ఒక చిన్న సంస్థ నడుపుతున్నాను. పైవాళ్లు అర్హత గురించి చెప్పారు, నేను డబ్బు రకం గురించి చెప్తాను. మేం దెబ్బ తిన్నది అక్కడే.

కొన్నేళ్ల క్రితం ఒక కంపెనీవారు మాకు కొత్త వ్యాన్ కొనిచ్చారు. తాళాలు ఇచ్చారు, ఫొటోలు తీశారు, పేపర్లో పడింది. గ్రాంటు కాగితంలో వాహనం ధర తప్ప ఇంకేమీ లేదు, నేను కూడా ఆ సంతోషంలో అడగలేదు. మొదటి ఏడాది ఎలాగో లాగాం. రెండో ఏడాది ఇన్సూరెన్స్, టైర్లు, డ్రైవర్ జీతం ఒక్కసారిగా మీద పడ్డాయి. నాలుగు నెలలు వ్యాన్ మా షెడ్డులో నిలబడి ఉంటే, దాన్ని నమ్ముకున్న పిల్లలు మళ్లీ నడిచి వెళ్లారు. ఆ నాలుగు నెలలు ఆ షెడ్డు వైపు చూడలేకపోయాను. బండి కొనిచ్చేవాళ్లు దొరుకుతారమ్మా, డ్రైవర్‌కి జీతం ఇచ్చేవాళ్లు దొరకరు.

వస్తువో భవనమో కొనడానికి ఇచ్చేది ఒక గ్రాంటు. ఒక పనికి, ఇంత కాలానికి అని ఇచ్చేది ప్రాజెక్టు గ్రాంటు, అందులో పైసా కూడా వేరే పనికి వాడకూడదు. సంస్థ నడవడానికి, అద్దెకి, కరెంటుకి, అకౌంటెంట్‌కి, ఏ షరతూ లేకుండా ఇచ్చే డబ్బు అన్నిటికన్నా అరుదు. కార్పస్ అని ఇంకోటి ఉంది, అసలు ముట్టుకోకుండా వడ్డీ వాడుకోవాలి, చిన్న సంస్థకి అది ఎవరూ ఇవ్వరు, దాని కోసం ఆశపడొద్దు. కొందరు ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు చూపిస్తే ఇస్తాం అంటారు. చేతిలో మూడు నెలల డబ్బు లేనివాళ్లు దానికి సంతకం పెట్టకూడదు, వడ్డీకి అప్పు చేయాల్సి వస్తుంది. మీరు ఇంత వేస్తే మేం అంత వేస్తాం అనేవాళ్లు మాత్రం మీకు సరిగ్గా సరిపోతారు, ఎందుకంటే మీ దగ్గర నెలకి 26 వేలు ఊరివాళ్లే వేస్తున్నారు, అది చాలా పెద్ద బలం. ఎంతమంది ఎన్ని నెలలుగా ఆపకుండా వేస్తున్నారో ఒక కాగితం మీద రాసి చూపించండి, నేనైతే దరఖాస్తులో మొదటి పేరా అదే పెడతాను.

మీకు వ్యాన్ వద్దు. అద్దె వ్యాన్ నడుస్తోంది కదా. మీకు కావాల్సింది రెండేళ్లపాటు నెలకి 15 వేలు. దాన్ని ప్రాజెక్టుగా రాయండి, 16 మంది పేషెంట్లు, నెలకి ఇన్ని ట్రిప్పులు, ట్రిప్పుకి ఇంత అని. డ్రైవర్ జీతం ఆఫీసు ఖర్చుల్లో కలపొద్దు. ఆయన లేకపోతే పనే లేదు, కాబట్టి అది ప్రాజెక్టు ఖర్చే. ఎవరైనా వ్యాన్ కొనిస్తామని వస్తే, మూడేళ్ల నడిపే ఖర్చు కూడా కలిపితేనే తీసుకోండి. కాదంటే దండం పెట్టి వచ్చేయండి. కంపెనీలు ఏడాది ప్రణాళిక ఏప్రిల్‌కి ముందే వేసుకుంటాయి కాబట్టి సంక్రాంతి వెళ్లగానే తిరగడం మొదలుపెట్టాలి.

ఉద్దానం కుర్రాడు:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. కోట జంక్షన్ మేడమ్, మేం నిజంగానే వ్యాన్ అడుగుదామనుకున్నాం, కొటేషన్ కూడా తెచ్చుకున్నాం. మీ మాట చదివి రాత్రి మీటింగ్ పెట్టుకున్నాం, అందరూ ఒప్పుకున్నారు.

అరసవల్లి అన్నా, మీరు ఊహించినట్టే డబ్బు మా కార్యదర్శి ఫోన్‌పేకే వస్తోంది, సోమవారం బ్యాంకుకి వెళ్తున్నాం. వ్యాన్‌కి ముందు అంటే, 2022 నుంచి పేషెంట్లకి మందులు కొనిచ్చేవాళ్లం, సీరియస్ అయితే విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్లేవాళ్లం. ఎవరిని ఏ తేదీన తీసుకెళ్లామో ఒక నోట్‌బుక్‌లో రాసి ఉంది, మందుల బిల్లులు కొన్ని ఉన్నాయి, కొన్ని పోయాయి. అది పనికొస్తుందా?

బాహుదా తీరం గారూ, బావకి ఇండియా పాస్‌పోర్టే. అక్కకి మొన్ననే అమెరికా పౌరసత్వం వచ్చింది. ఇద్దరిదీ జాయింట్ అకౌంట్, ఎప్పుడు డబ్బు పంపినా అందులోంచే పంపుతారు.

బాహుదా తీరం:

జాయింట్ అకౌంట్ వద్దు. ఎవరి డబ్బు అని రేపు అడిగితే చెప్పడం కష్టం. బావ ఒక్కడి పేరు మీద ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ అకౌంట్ (విదేశాల్లో ఉండే భారతీయులు అక్కడి సంపాదన వేసుకునే ఖాతా) ఉంటే, తన జీతంలోంచి దాంట్లో వేసుకుని అక్కడినుంచి సొసైటీకి పంపమనండి. అక్కని పేరు పెట్టకుండా ఉండమని చెప్పండి, ఆమె మనసు నొచ్చుకోకుండా ఎందుకో వివరించండి.

అరసవల్లి:

ఆ నోట్‌బుక్ తడవకుండా దాచు తమ్ముడూ, మీ మూడేళ్ల అనుభవానికి సాక్ష్యం అదే. పోయిన బిల్లుల కోసం మందుల షాపుకి వెళ్లి అడగండి, కంప్యూటర్‌లో ఉంటే డూప్లికేట్ ఇస్తారు. దొరకనివాటికి దొంగ బిల్లులు మాత్రం పెట్టొద్దు, ఉన్నవాటితోనే లెక్క రాద్దాం. ఏడాదివారీగా జమాఖర్చులు లేకపోతే 12ఏ ముందుకెళ్లదు, మీరు రిజిస్ట్రార్‌కి ఏటా ఇవ్వాల్సిన కమిటీ జాబితా కూడా ఇచ్చి ఉండరని నా అనుమానం, అది కూడా చూద్దాం. వచ్చే ఆదివారం బైలా, మినిట్స్ బుక్, పాస్‌బుక్, ఆ నోట్‌బుక్ పట్టుకుని శ్రీకాకుళం రండి. ఫీజు అక్కర్లేదు, మా అమ్మ కూడా ఆరేళ్లు డయాలసిస్ మీద ఉంది.