అప్‌డేట్: అమ్మానాన్నలతో చింక్వే తెర్రే వెళ్లి వచ్చాం

అమ్మకు మోకాళ్ల నొప్పి, ఇటలీ సముద్రతీరాన అయిదు ఊళ్లున్న చింక్వే తెర్రేకు తీసుకెళ్లవచ్చా, బస ఎక్కడైతే మేలు అని వేసవిలో హనుమకొండ నుంచి అడిగాను. సెప్టెంబరులో వెళ్లి వచ్చాం. ఆ ఊళ్లలో కాకుండా దగ్గర్లోని లా స్పెజియా పట్టణంలో ఉండమని చెప్పిన అక్కకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. అక్కడి నుంచి అయిదు ఊళ్లకూ రైలు ఉంది.

కొర్నీల్యా దగ్గర మాత్రం జాగ్రత్త. మిగతా నాలుగింటిలా సముద్రాన్ని ఆనుకుని కాక, దాదాపు 100 మీటర్ల ఎత్తున ఉంటుంది. స్టేషన్ నుంచి 370కి పైగా మెట్లు! చిన్న బస్సు కూడా ఉంది. అమ్మను, నాన్నను అందులో ఎక్కించి నేను నడిచాను.

ఆ అయిదింటిలోనే మరో ఊరు మనరోలా పైనున్న ద్రాక్షతోటలను ఎంత చూసినా తనివి తీరలేదు. కొండను మెట్లు మెట్లుగా మలిచి, సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టారు. నాన్న ఒక గోడ దగ్గర వంగి, పెద్దరాళ్ల సందుల్లో బిగించిన చిన్నరాళ్లను వేలితో తడుముతూ చాలాసేపు ఉండిపోయారు. నర్సంపేట దగ్గర పొలం గట్లు వేసిన చేతులవి. కోసిన ద్రాక్షను దించడానికి ఒంటిపట్టా మీద నడిచే చిన్న బండ్లున్నాయి.

అక్కడి తీపి వైన్ పేరు షాకెత్రా. ద్రాక్షను వారాల తరబడి గాలికి ఆరబెట్టి, ఆ తరువాతే పిండుతారు. "మనం మిర్చిని కల్లంలో ఎండకు పోస్తాం, వీళ్లు నీడన ఆరబెడుతున్నారు" అంది అమ్మ. నేను ఒక గుక్క తాగాను, తేనెలా ఉంది.

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మొదట మోంతెరోస్సో చూడండి. అయిదింటిలో నేల చదునుగా ఉన్నది అక్కడే.