మా తెలుగు ఆరాధనకి వేరే దేశాలవాళ్ళు వస్తున్నారు, ఏమేం మార్చాలి?

ప్రశ్న (హబ్సిగూడ వైపు ఒక సంఘ పెద్ద):
అందరికీ వందనాలు. మాది మొదటినుంచీ తెలుగు సంఘం. ఉస్మానియాలో చదువుకునే ఆఫ్రికా విద్యార్థులు కొందరు ఈమధ్య ఆదివారాలు వస్తున్నారు. దగ్గర్లో కడుతున్న అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఒడిశా కుటుంబాలు, బ్యూటీపార్లర్‌లో పనిచేసే మిజోరం అమ్మాయిలు కూడా వస్తున్నారు. అయ్యగారికి (మా పాస్టరుగారికి) చాలా సంతోషం. కానీ వాక్యం, అంటే ప్రసంగం, గంట దాటుతుంది, వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. ఇంగ్లీష్ ఆరాధన వేరుగా పెట్టేద్దామని కొందరు పెద్దలు అంటున్నారు. ఒక ఆఫ్రికా విద్యార్థి సాక్ష్యం (దేవుడు తన జీవితంలో చేసిన మేలు) చెప్తానంటున్నాడు, కానుక కూడా వేస్తున్నాడు. ఇందులో చిక్కులేమైనా ఉన్నాయా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు (సికింద్రాబాద్, సంఘం లెక్కలు చూసే వ్యక్తి):
చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే అక్కడే తేడా వస్తుంది. విదేశీయులు ఏ వీసా మీద వచ్చినా చర్చికి రావచ్చు, ప్రసంగం వినొచ్చు. మతబోధ చేయడం, ప్రార్థనా స్థలంలో ప్రసంగించడం, కరపత్రాలు పంచడం మాత్రం మామూలు వీసా షరతులు ఒప్పుకోవు. సాక్ష్యమే కదా అని మైకు ఇస్తే, రేపు దాన్ని ప్రసంగం అన్నారనుకోండి, ఇబ్బంది పడేది ఆ పిల్లాడు. అతని చదువే ఆగిపోవచ్చు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చేది) ఉన్న అమెరికా బ్రదర్స్‌కీ ఇదే వర్తిస్తుంది. సెలవులకి వచ్చారని వెంటనే వాక్యానికి నిలబెట్టేస్తాం మనం!

కానుక ఇంకా సున్నితం. విదేశీ పౌరుడు రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని సంఘం తీసుకోకూడదు. ఉన్నవాళ్ళకైనా ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఇండియా పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో పనిచేసే మీ సంఘస్థుడు తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపేది వేరు, అది ఈ లెక్కలోకి రాదు. మీ ఆడిటర్‌ని ఓసారి కలవండి. అలాగని కానుకల సంచి వాళ్ళ ముందుకు రాగానే గబుక్కున లాగేసుకోకండి. ఆరాధనకి ముందే పక్కన కూర్చోబెట్టి, ఇది మన దేశ చట్టం, నీ మీద అనుమానం కాదు అని చెప్పండి.

ఇంకొకటి. విదేశీ విద్యార్థిని ఎవరైనా ఇంట్లో ఉంచుకుంటే 24 గంటల్లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకి (విదేశీయుల నమోదు కార్యాలయానికి) ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఒడిశా, మిజోరం వాళ్ళకి ఈ నియమాలేవీ లేవు. వాళ్ళు మన పౌరులే. మైకు, కానుక, కమిటీ అన్నీ మీకెంతో వాళ్ళకీ అంతే.

జవాబు (కువైట్‌లో పనిచేస్తున్న సోదరి, ఊరు రాజంపేట దగ్గర):
వందనాలు అన్నా. ఇక్కడ కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో చాలా భాషల సంఘాలు గంటల లెక్కన గదులు పంచుకుంటాయి. శుక్రవారం ముందు గుంపు ఆఖరి పాట పాడుతుంటే, తర్వాతి గుంపు వాళ్ళు కీబోర్డు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటారు. ఇళ్ళలో పనిచేసే మాలాంటివాళ్ళకి వారమంతా ఎదురుచూశాక తెలుగు పాట చెవినపడితే ప్రాణం లేచొస్తుంది, అందుకే భాషలవారీ ఆరాధన వద్దని నేననను. కానీ పక్క గదిలో అమ్హారిక్‌లో పాడే అక్క పేరేంటో మాకు తెలియదు. మీరు ఇంగ్లీష్ ఆరాధన వేరుగా పెడితే అంతే అవుతుంది.

వాక్యం గంట వద్దు, అరగంట చాలు. ప్రతి మాటకీ ఆగి తర్జుమా చేస్తే సమయం రెట్టింపవుతుంది, కాబట్టి ముఖ్యాంశాలు ఒక పేజీలో ఇంగ్లీషులో, హిందీలో ముందే ఇవ్వండి. బైబిలు భాగం ఒకరు తెలుగులో, ఇంకొకరు వాళ్ళ భాషలో చదవాలి. మిజో భాష రాసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే, అందుకే తెలుగు పాటల్ని ఆ అక్షరాల్లో తెర మీద వేస్తే ఆ అమ్మాయిలు మొదటి వారమే గొంతు కలుపుతారు.

జవాబు (ఒంగోలు, రిటైర్డ్ టీచర్):
అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీయండి బాబూ. తొలి సంఘంలో సణుగు పుట్టింది అన్నం దగ్గర. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకి పంపకంలో అన్యాయం జరిగింది. ఆ పని అప్పగించిన ఏడుగురి పేర్లు స్తెఫను, ఫిలిప్పు నుంచి నీకొలాసు దాకా అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన పక్షానికే గరిటె ఇచ్చారు! 13వ అధ్యాయంలో అంతియొకయ పట్టణ సంఘ నాయకుల్ని చూడండి, తలా ఒక చోటివాళ్ళు: కుప్రకు చెందిన బర్నబా, నీగెరనబడిన (నల్లవాడని అర్థం) సుమెయోను, ఈనాటి లిబియాలోని కురేనే నుంచి లూకియ, హేరోదుతో పెరిగిన మనయేను, సౌలు. మీ పెద్దల కమిటీలో ఒక ఒడియా తమ్ముడు ఉన్నాడా? లేకపోతే వాళ్ళింకా అతిథులే.

దోర్నకల్ బిషప్ అజరయ్యగారు తమిళులు. తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగారు, 1912లో బిషప్ అయ్యారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో ఆయన మిషనరీలని అడిగింది డబ్బు కాదు, స్నేహం. ఆఫ్రికా కుర్రాడికి ముందు వరసలో కుర్చీ వేసి ఫొటో తీసుకుంటాం, అతనికి అద్దెకి ఇల్లు దొరక్కపోతే మాట్లాడేవాడుండడు. మన ఊళ్ళలో మాల చర్చి, మాదిగ చర్చి అనే మాట ఇంకా పోలేదు. పక్క వీధి సంఘంతో కలిసి ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకోని మనం సమస్త జనుల మందిరం అని బోర్డు రాయించడం నాకు మింగుడుపడదు. కోపం అనుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
కోపం ఏం లేదు మాస్టారూ, మా పెద్దలకి ఇది అలాగే చదివి వినిపిస్తాను. అయ్యగారితో మాట్లాడాను. ఆరాధన ఒక్కటే ఉంటుంది, వాక్యం తగ్గిస్తారు. విద్యార్థులు వచ్చే ఏడాది వెళ్ళిపోతే కమిటీలో పెట్టి లాభమేంటని ఒకాయన అంటున్నాడు. ఇంకో మాట, ప్రేమ విందులో కారం తగ్గించాలా?

జవాబు (కువైట్ సోదరి):
మీ తెలుగు కుర్రాళ్ళు మాత్రం అమెరికా వెళ్ళిపోవట్లేదా అన్నా? ఉన్నన్నాళ్ళూ ఉండనివ్వండి. ఒడిశా కుటుంబాల్లో సైటు మారినా ఈ చుట్టుపక్కలే ఉండేవాళ్ళని చూసి అడగండి. కారం సంగతి మాత్రం వంట కమిటీలో వాళ్ళని వేశాక వాళ్ళే చెప్తారు. మిజో వాళ్ళు నూనె లేకుండా కూరలు ఉడికించుకుంటారు, ఒక గిన్నె వాళ్ళ చేత వండించండి.