బంధించే లేజరే లెక్క తప్పించదా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, ఎమ్మెస్సీ ఫిజిక్స్, వచ్చే వారం స్ట్రాన్షియం అనే లోహపు పరమాణువులతో కాలం కొలిచే గడియారం మీద సెమినార్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. పరమాణువుల్ని లేజర్ వెలుగులో బంధించి, 698 నానోమీటర్ల ఇంకో లేజర్‌తో సెకనుకు దాదాపు 429 లక్షల కోట్ల కంపనాలు కొలుస్తారు, ఒక్క సెంటీమీటరు ఎత్తు మారినా గురుత్వం వల్ల కాలం నడకలో వచ్చే తేడా తెలిసిపోతుందని చదివి ఒళ్లు పులకరించింది.

కానీ బంధించే వెలుగే పరమాణువు ఎనర్జీ లెవెల్స్‌ని (ఏ రెండిటి మధ్య తేడాతో ఆ కంపనాల లెక్క వస్తుందో వాటిని) జరుపుతుంది కదా? బంధించే లేజర్ తరంగదైర్ఘ్యం 813 నానోమీటర్ల దగ్గర ఉంటే రెండు లెవెల్సూ సమానంగా జరుగుతాయట, అందుకే మధ్య తేడా మారదు. నోట్‌బుక్‌లో ఆ రెండు గీతలు గీసి చెరిపి, గీసి చెరిపి కాగితం చిరిగింది గానీ ఇంతవరకు అర్థమైంది.

ఆ 813ని ప్రయోగంలో ఎలా పట్టుకుంటారు? బంధించే లేజర్ తీవ్రత పెంచుతూ తగ్గిస్తూ, ఫ్రీక్వెన్సీ కదలని చోటు వెతుకుతారా? పోల్చడానికి రెండో గడియారం కావాలా, ఒకటే సరిపోతుందా? తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి, ప్లీజ్.