దూర ప్రయాణంలో పిల్లల చేతికి ఫోన్ ఇవ్వొచ్చా? ఇవ్వకపోతే కారులో వాళ్ళకు పొద్దెలా పోతుంది?

తణుకు కోడలు:
ఈ సంక్రాంతికి హైదరాబాద్ నుంచి రాజమండ్రి కారులోనే వెళ్తున్నాం. బాబుకి ఆరేళ్ళు, పాపకి రెండున్నర. నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. పండగ రద్దీలో పంతంగి టోల్ గేటు దాటడానికే ఎంతసేపు పడుతుందో చెప్పలేం. "ఇద్దరికీ చెరో ఫోన్ ఇచ్చేద్దాం, గొడవ ఉండదు" అంటారు మా ఆయన. "ఫోన్లు లేకుండానే మిమ్మల్ని బస్సుల్లో తిప్పలేదా" అంటారు అత్తయ్య. ఇద్దరి మాటా నాకు సబబుగానే ఉంది. ఇంట్లో ఎటూ తేలక ఇక్కడ అడుగుతున్నా. ఇవ్వొచ్చా? వద్దనేవాళ్ళు, దాని బదులు మీరేం చేస్తున్నారో కూడా చెప్పండి.

ఎల్బీ నగర్ నాన్న:
ఇచ్చేయండి. రోజూ అన్నం తినిపించడానికి ఫోన్ చూపించడం వేరు, ఏడాదికి రెండు మూడుసార్లు ఊరెళ్ళేటప్పుడు ఇవ్వడం వేరు. మా ఇంట్లో బండి నడిపేది నేనే. వెనక ఒకడు సీటు తన్నుతూ, ఇంకొకతి గుక్కపట్టి ఏడుస్తుంటే రోడ్డు మీద దృష్టి నిలవదు. పక్కన లారీ ఉంటుంది, ఎదురుగా రాంగ్ రూట్లో బైకు వస్తుంది. ఆ క్షణంలో తల వెనక్కి తిప్పినా ప్రమాదమే. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఇచ్చిన సూచనల్లో కూడా, విమాన ప్రయాణం లాంటి సందర్భాల్లో పిల్లల్ని ఊరుకోబెట్టడానికి వీడియోలు పనికొస్తాయని ఒప్పుకున్నారు. ఫోన్ ఇచ్చిన ప్రతి తల్లీతండ్రీ బాధ్యత లేనివాళ్ళన్నట్టు మాట్లాడటం అన్యాయం.

హనుమకొండ టీచర్:
బాధ్యత లేనివాళ్ళని ఎవరన్నారండీ? నా అభ్యంతరం వేరు. ఒకసారి కారెక్కగానే ఫోన్ వస్తుందని తెలిశాక, రెండోసారి ఇంటి గేటు దాటకముందే అడుగుతారు. ఇవ్వకపోతే ఆ ఏడుపు మామూలుగా ఉండదు. పైగా ఆ దారిలో చూడాల్సింది ఎంతుందని!

ఆరేళ్ళవాడికి నదుల ఆట నేర్పండి. సూర్యాపేట రాకముందు టేకుమట్ల దగ్గర మూసీ. కోదాడ దాటాక గరికపాడు దగ్గర పాలేరు, అక్కడే తెలంగాణ అయిపోయి ఆంధ్ర మొదలవుతుంది. కీసర దగ్గర మునేరు. ఏలూరులో తమ్మిలేరు. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి, రావులపాలెం దాటగానే గౌతమి. వంతెన రాబోతుంటే "ఇప్పుడొచ్చే ఏరు పేరేంటి, నీళ్ళున్నాయా ఇసకేనా" అని అడగండి. కాగితం మీద పేర్లు ముందే రాసిస్తే తనే టిక్కు పెట్టుకుంటాడు. చివర్లో కడియపులంక నర్సరీలు కనబడితే నానమ్మ వాళ్ళ ఊరు దగ్గరపడిందని వాడికే తెలుస్తుంది.

నంబర్ ప్లేట్లు కూడా మంచి ఆటే. ఏపీ 28, 29 కనబడితే అది రాష్ట్రం విడిపోకముందు రంగారెడ్డి జిల్లాలో రిజిస్టరైన పాత బండి. తెలంగాణ బండ్లలో టీఎస్ ఉంటే 2024 మార్చికి ముందువి, టీజీ ఉంటే ఆ తర్వాతవి. ఆంధ్ర బండి మీద ఏపీ 39 ఉంటే 2019లోనో ఆ తర్వాతో రిజిస్టరైనది. ఎవరు ఏది ముందు చూస్తే వాళ్ళకో పాయింటు. అంకెలు అప్పుడే నేర్చుకునే వయసు కాబట్టి మీ బాబుకి బాగా నచ్చుతుంది.

ఎల్బీ నగర్ నాన్న:
టీచర్ గారూ, ఆరేళ్ళవాడి వరకు సరే. రెండున్నరేళ్ళ పాపకి మూసీ ఏంటి, మునేరు ఏంటి?

పిల్లల వార్డు సిస్టర్:
వాదన మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. తణుకు కోడలు గారూ, మీ బాబుకి కారు పడుతుందా? ముందు తేల్చుకోవాల్సింది అది.

బండి కదులుతోందని చెవి లోపలి భాగం మెదడుకి చెబుతుంది. కళ్ళు దగ్గర్లో ఉన్న తెరకే అతుక్కుంటే కదలిక లేదని చెబుతాయి. రెండూ పొసగక కడుపులో తిప్పి వాంతులవుతాయి. రెండేళ్ళలోపు పిల్లల్లో ఇది అరుదు, ఆ తర్వాత పన్నెండేళ్ళ దాకా ఎక్కువ. ఫోనే కాదు, బొమ్మల పుస్తకం చూసినా, తల వంచి రంగులు వేసినా ఇంతే. ఏడ్చే పిల్లల్ని అందరూ పట్టించుకుంటారు. ఫోన్ పట్టుకుని ఉన్నట్టుండి మాట్లాడటం మానేసినవాణ్ణి "బుద్ధిగా చూసుకుంటున్నాడు" అని వదిలేస్తారు. వాడి మొహం చూడండి. పాలిపోయిందా, పెదవి పైన చెమట పడుతోందా, ఊరికే ఆవులిస్తున్నాడా? అప్పుడే ఫోన్ తీసేసి, అద్దం కాస్త దించి, దూరంగా ముందున్న రోడ్డు చూడమనాలి. బయల్దేరేముందు పూరీలు, నూనె వస్తువులు కడుపునిండా పెట్టొద్దు. అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు.

పాప సంగతి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలే వద్దంటుంది. రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించకూడదంటుంది. మీ ప్రయాణం గంటలో అయ్యేది కాదు. ఉన్న ఆ ఒక్క గంటా ఎప్పుడు వాడుకోవాలో ఆలోచించండి. బయల్దేరగానే పిల్లలు ఎలాగూ హుషారుగా ఉంటారు, అప్పుడే ఇచ్చి ఖర్చు చేసేయకండి.

ఖమ్మం డ్రైవర్:
అందరికీ నమస్తే. చాలా ఏళ్ళుగా ఇదే రోడ్డు మీద టాక్సీ నడుపుతున్నా. మీరంతా ఫోన్ ఇవ్వాలా వద్దా అని మాట్లాడుతున్నారు. అద్దంలో నాకు కనబడేది ఇంకొకటి.

పిల్లలు విసుక్కోవడం మొదలుపెట్టగానే పెద్దవాళ్ళు మొదట తీసేది బెల్టు. ముందు సీటులో నాన్న ఒళ్ళోకి తెచ్చుకుంటారు. ఏసీ బటన్లు నొక్కిస్తారు, హారన్ కొట్టనిమ్మని నన్నే అడుగుతారు. సన్‌రూఫ్ ఉంటే తల బయట పెట్టించి నిలబెడతారు. పెద్ద బండైతే వెనక డిక్కీలో పరుపేసి ఆడుకోమంటారు. "మేం ఫోన్ ఇవ్వకుండానే ఆడిస్తాం" అని చెప్పుకునేవాళ్ళలో చాలామంది చేసేది ఇదే. అంతకంటే బెల్టు పెట్టుకుని ఫోన్ చూసే పిల్లాడు వెయ్యి రెట్లు నయం.

ఎనభైలో వెళ్తుంటే ఊరి దగ్గర గేదె అడ్డమొస్తుంది. సడన్ బ్రేకు కొడితే ఒళ్ళో ఉన్న బిడ్డను ఎంత బలమున్నవాళ్ళూ ఆపలేరు. ముందు సీటులో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అది కొట్టేది ఒళ్ళో బిడ్డనే. సన్‌రూఫ్‌లో నిలబడ్డ పిల్లాణ్ణి పట్టి ఉంచేది ఏమీ లేదు. చట్టం కూడా ఉంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల ఫైన్. ఫైన్ గురించి కాదు నా బాధ, బిడ్డ గురించి.

నేను కోరేది ఒక్కటే. ఫోనైనా, పాటైనా, పొడుపు కథైనా, బెల్టు తీయకుండా ఆడించగలరా? తీయాల్సొస్తే ఆ ఆట వద్దు. కూర్చోలేకపోతున్నారంటే నాకు చెప్పండి, బండి ఆపుతా. పది నిమిషాలు పరుగెత్తనివ్వండి. అర్ధగంట ఆలస్యంగా చేరితే కొంపలేం మునగవు.

ఎల్బీ నగర్ నాన్న:
అన్నా, నువ్వు చెప్పినదానికి వంక పెట్టలేను. మా వాళ్ళలోనూ డిక్కీ పరుపు అలవాటుంది.

బెజవాడ పెద్దమ్మాయి:
చెప్పడం తేలికే. అత్తామామలు, మేమిద్దరం, పిల్లలిద్దరు. ఐదు సీట్ల కారు. ఒళ్ళో కాక ఎక్కడ కూర్చోబెట్టమంటారు? ఇంకో కారు తీసే స్తోమత అందరికీ ఉండదు కదా. చైల్డ్ సీటు కూడా వేలల్లోనే.

ఖమ్మం డ్రైవర్:
అక్కా, మీ ఇబ్బంది నిజమే. ఇద్దరు పెద్దవాళ్ళు రైల్లోనో బస్సులోనో వస్తే అందరికీ సీటు, బెల్టు దొరుకుతాయి. పండగ నాడు ఇది చెబితే ఎవరికీ నచ్చదని తెలుసు. అయినా నా మాట ఇదే.

శాన్ హోసే అమ్మ:
మాకు కాలిఫోర్నియాలో ఎనిమిదేళ్ళలోపు పిల్లలు వెనక సీట్లో, చైల్డ్ సీటులో గానీ బూస్టర్‌లో (పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు) గానీ కూర్చోవాల్సిందే. ఒళ్ళో పెట్టుకోవడం అన్న ప్రశ్నే రాదు. కాబట్టి కట్టేసి ఉన్న పిల్లల్ని ఎలా ఆడించాలన్నది మాకు రోజువారీ సమస్య. మా ఇంట్లో చెవికి పని చెబుతాం. అమ్మమ్మ హైదరాబాద్ నుంచి కథలు చెప్పి వాయిస్ మెసేజ్‌లుగా పంపుతుంది. పేదరాశి పెద్దమ్మ, తెనాలి రామలింగడు, మధ్యమధ్యలో పిల్లల పేర్లు కూడా కలిపేస్తుంది. వాళ్ళు కిటికీలోంచి చూస్తూనే వింటారు, వాంతుల బెడద ఉండదు. పొడుపు కథలు కూడా ఆవిడ పంపినవే. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అనగానే మా చిన్నది కంటి రెప్పలు టపటపలాడించి చూపిస్తుంది, జవాబు నోటితో చెప్పదు.

వీడియోలు పూర్తిగా మానలేదు. చివరి గంటకు దాచుకుంటాం. టాబ్లెట్ మాత్రం పిల్లల చేతికివ్వం. గట్టి బ్రేకు పడితే ఎగిరి తగులుతుంది. ముందు సీటు వెనకాల గట్టిగా బిగించే స్టాండ్ పెట్టాం. తల వంచక్కర్లేదు కాబట్టి మెడనొప్పీ ఉండదు.

హనుమకొండ టీచర్:
వాయిస్ కథల ఆలోచన చాలా బాగుంది. ఆ చివరి గంట వీడియో మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. దిగే ముందు నిద్రమొహంతో తెర చూసిన పిల్లలు ఊళ్ళో తాతయ్యని పలకరించకుండానే ఫోన్ అడుగుతారు. ఆ గంట పడుకోబెట్టండి.

తణుకు కోడలు:
అందరికీ థాంక్స్. బాబుకి ఘాట్ రోడ్డులో వాంతులవుతాయి, సిస్టర్ గారు అడిగాకే రెంటికీ ముడిపెట్టి ఆలోచించాం. వాడికి ఫోన్ బదులు నదుల కాగితం, అత్తయ్య చెప్పే కథలు. పాపకి చైల్డ్ సీటు తీసుకుంటున్నాం, ప్రయాణానికి వారం ముందే ఇంట్లో పెట్టి కూర్చోవడం అలవాటు చేస్తాం. మా ఆయన ఒక్క గంట వీడియోకి పట్టుబట్టారు, పాపకే, అదీ టోల్ గేట్ల దగ్గర బండి ఆగిపోయినప్పుడు. టీచర్ గారు ఒప్పుకోరని తెలుసు. ఇంకో మాట, సూర్యాపేటకీ నందిగామకీ మధ్య పిల్లలు పరుగెత్తడానికి చోటు, శుభ్రమైన బాత్రూమ్ ఉన్న హోటల్ ఏదైనా తెలిస్తే చెప్పండి.